కరెంటు పోలేదు

ముప్పై ఏళ్ళ పైచిలుకుగా ఒక అబద్ధం నాలో ఉంది. దాన్ని బరువు అనవచ్చునా అని చాలాసేపు ఆలోచించాను. బరువైతే మనిషి ఎక్కడో ఒకచోట కుంగాలి. నేను కుంగలేదు. వేళకు తిన్నాను. వేళకు పడుకున్నాను. పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, తోటలు కౌలుకిచ్చాను, నూజివీడులో నలుగురి చేతా మంచిదాన్ననే అనిపించుకున్నాను. కానీ ఎవరైనా "మీరు చెప్పారంటే ఇక తిరుగులేదండీ" అన్నప్పుడల్లా లోపల ఒకటి కదిలేది. ఆ మాట నాతో చాలామంది అంటారు. కాబట్టి అది కదలని నెల లేదు.

ఎందుకంటారో చెప్పాలి. నాకు తేదీలు గుర్తుంటాయి. లెక్క తప్పదు. మా చుట్టాల్లో ఎవరి పెళ్ళి ఏ నెలలో అయిందో, ఏ ఏడు పూత నిలవక రాలిపోయిందో, ఏ తోట ఎవరికి ఎంతకాలం ఇచ్చామో నన్నే అడుగుతారు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా వస్తే పెద్దమనుషుల కంటే ముందు నాకే కబురొస్తుంది. తెలియనిదాన్ని తెలుసని నేను ఎప్పుడూ అనలేదు. తెలిసినదాన్ని తెలియదని మాత్రం ఒక్కసారి అన్నాను. ఇది ఆ ఒక్కసారి గురించి.

నా పేరు రాయడం లేదు. ధైర్యం లేక కాదు అని రాద్దామనుకున్నాను. ఈ కాగితం మీద కూడా అబద్ధం ఎందుకు? ధైర్యం లేకే.

అప్పటికి మా ఊళ్ళో సెల్ ఫోన్లు లేవు. మాది ఇంకా కృష్ణా జిల్లాయే. మామిడి ఏడాదికి ఒక్కసారి డబ్బు చూపిస్తుంది, మిగతా నెలలు ఇల్లు గడవాలి. మా ఇంటి ముందు గది బస్టాండు రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. విజయవాడ నుంచి ఒకాయన వచ్చి అందులో రెండు వీడియో గేమ్ మిషన్లు పెడతానన్నాడు. నిలువెత్తు చెక్క బీరువాల్లాంటివి. ముందు ఒక తెర, ఒక హ్యాండిల్, రెండు బటన్లు, కింద రూపాయి బిళ్ళ వేసే సందు. మిషన్లు ఆయనవి, గదీ కరెంటూ మావి, వచ్చినదాంట్లో చెరి సగం. మా వారికి అక్కడ కూర్చోవడం నామోషీ అనిపించింది. "పిల్లకాయల ఆటలకి నేను కాపలానా?" అన్నారు. సరే అని నేనే కూర్చున్నాను. ఊళ్ళో అందరూ ఆ విజయవాడ ఆయన్ని మిషన్లాయన అనేవాళ్ళు, నన్ను మిషన్లమ్మ అనేవాళ్ళు.

మొదటి వారం నాకేమీ అర్థం కాలేదు. బిళ్ళ వేసి, మూడు నిమిషాల్లో ఓడిపోయి, మళ్ళీ బిళ్ళ వేసేవాడికి ఏం దక్కుతున్నట్టు? తినేది కాదు. ఇంటికి పట్టుకుపోయేది కాదు. రంగులు, చప్పుడు అనుకున్నాను మొదట. కానీ రెండో మిషన్‌లో రంగులు ఎక్కువ, చప్పుడు ఎక్కువ, అయినా దాని డబ్బా సగం ఖాళీగానే ఉండేది. మొదటిది పాతది, తెర కూడా మసక. విమానం ఆట. కింద నుంచి మన విమానం పైకి పోతుంటే ఎదురుగా వరసలు వరసలుగా శత్రువుల విమానాలు వస్తాయి. కుర్రాళ్ళంతా దాని దగ్గరే. ఎందుకు?

నాకు ఏదైనా అర్థం కాకపోతే నిద్ర పట్టదు. అందుకని ఓడిపోయిన క్షణంలో వాళ్ళ మొహాలు చూడడం మొదలుపెట్టాను. విమానం ఆటలో ఓడినవాడు "ఛ, ఎడమకి తిప్పాల్సింది" అనేవాడు. అని మళ్ళీ బిళ్ళ వేసేవాడు. రెండో మిషన్ దగ్గర ఓడినవాడు "ఇదంతా మోసంరా" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునేవాడు. తేడా అంతే. తన తప్పు వల్లే ఓడానని మనిషికి తెలియాలి. ఆ తప్పు ఏదో కూడా తెలియాలి. అప్పుడు ఇంకోసారి ఆడకుండా ఉండలేడు. ఇది గ్రహించిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. లెక్క తేలినప్పటి సంతోషం.

మిషన్లాయన ఒకసారి వెనక తలుపు తీసి లోపల చిన్న మీటలు చూపించాడు. అవి నొక్కితే ఆట కష్టమవుతుంది, ఎత్తితే తేలికవుతుంది. పూర్తిగా కష్టం చేశాను, కుర్రాళ్ళు రెండుసార్లు ఆడి మానేశారు. పూర్తిగా తేలిక చేశాను, ఒక్క బిళ్ళతో అరగంట ఆడారు, పైగా వాళ్ళకే విసుగొచ్చి ఆవలించారు. నడిమి మీట దగ్గర ఆపాను. గెలుస్తున్నాననుకుంటుండగా ఓడాలి. ఓడిపోయినా నిన్నటి కంటే కొంచెం దూరం వచ్చి ఉండాలి. వాళ్ళకి సరదా, నాకు వ్యాపారం. రెండూ ఒకే చోట కలిసేవి. ఆ చోటు ఎక్కడో పట్టుకోవడమే నా పని.

ఇంకొకటి ఉంది, అదే అన్నిటికంటే ముఖ్యం. ఆట అయ్యాక ఎక్కువ స్కోరు చేసినవాళ్ళ పేర్లు తెర మీద వరసగా వచ్చేవి. పేరుకి మూడు ఇంగ్లీషు అక్షరాలే చోటు. ఆ మూడక్షరాల కోసం కుర్రాళ్ళు కొట్టుకునేవాళ్ళు. మిషన్ ఆపితే పేర్లన్నీ చెరిగిపోతాయి. మేము రాత్రి ఆపేసేవాళ్ళం కాబట్టి పొద్దున్నకి పలక ఖాళీ. నిన్నటి రాజు ఈ రోజు మళ్ళీ మొదటి నుంచి. అదీ ఆటలో రుచే. అందుకే రోజూ వచ్చేవాళ్ళు.

ఇక్కడి వరకు ఎవరు అడిగినా చెబుతాను. ఇక్కడి నుంచి ఎవరికీ చెప్పలేదు.

నేను కూడా ఆడేదాన్ని. షాపు తలుపు తీయకముందు, మా వారు తోటకి వెళ్ళాక, రోజూ పావుగంట. మొదట మిషన్ పని చేస్తోందో లేదో చూడ్డానికి అనుకునేదాన్ని. ఒక్క బిళ్ళ చాలు కదా చూడ్డానికి. నేను నాలుగు వేసేదాన్ని, మళ్ళీ డబ్బా తీసి వెనక్కి తీసుకునేదాన్ని. నా పెళ్ళప్పుడు నాకు పదహారేళ్ళు. అప్పటి నుంచి నేను చేసిన ప్రతి పనీ ఎవరో ఒకరికి అవసరమైన పని. ఆ పావుగంట ఎవరికీ అవసరం లేదు. చెయ్యి హ్యాండిల్ మీద ఉన్నంతసేపూ నేను ఎవరి కోడలినీ కాను. స్కోరు పేజీ వచ్చాక నా మూడక్షరాలు కొట్టుకుని, ఒకసారి చూసుకుని, మిషన్ ఆపి, మళ్ళీ వేసేదాన్ని. చెరిగిపోయేది. అప్పుడు తలుపు తీసేదాన్ని. కుర్రాళ్ళలో మంచి ఆటగాడికి డెబ్భై వేలు వచ్చేవి. నాకు డెబ్భై రెండు వచ్చింది. ఊళ్ళో అందరికంటే నాదే పైచేయి, ఎవరికీ తెలియదు. తెలియకపోయినా పర్వాలేదనుకునేదాన్ని. నిజంగా అనుకున్నానా?

మంగ ఎలా వచ్చిందో చెబుతాను.

మా గది పక్కనే మామిడికాయల షెడ్డు. సీజన్లో తోటల నుంచి బంగినపల్లి కాయ అక్కడికి దిగేది. ఆడవాళ్ళు కూర్చుని కాయ కాయా చూసి, సైజు వారీగా వేరుచేసి, చెక్కపెట్టెల్లో వరిగడ్డి పరిచి సర్దేవాళ్ళు. మంగ ఆగిరిపల్లి వైపు ఊరి నుంచి వచ్చేది. అప్పటికి పాతికేళ్ళుంటాయేమో. చంకలో పిల్ల. కాయ దించే లారీ ఆలస్యమైతే వాళ్ళకి పని ఉండదు, మంచినీళ్ళకని మా గదిలోకి వచ్చేవాళ్ళు. మిగతావాళ్ళు నీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళు. మంగ నిలబడి చూసేది. కుర్రాళ్ళ వెనక, గోడకి ఆనుకుని, చాలా రోజులు చూసింది. తర్వాత అందరూ అన్నారు, కాయలు ఏరే చెయ్యి కదా అందుకే అంత చురుకు అని. నేననుకోను. ఆ షెడ్డులో కాయలు ఏరే చేతులు చాలానే ఉన్నాయి. ఈమె ఆడకముందు చూసింది. మేమంతా ఆడుతూ నేర్చుకున్నాం, అది ఒక్కటే తేడా.

మొదటి బిళ్ళ నేనే ఇచ్చాను. దయతో కాదు. చీర కట్టుకున్న మనిషి ఆడుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగుతారని. ఆగారు.

"ఏంటే మంగా, విమానంలో కూడా గడ్డి పరుస్తావా?" అన్నాడొకడు.

"నీ బుర్రలో ఉందిగా, అదే తెచ్చి పరుస్తా" అంది తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

గది గొల్లుమంది. పేరు కొట్టాల్సి వచ్చినప్పుడు అక్షరాలు నేనే చూపించాను. ఎం, ఎన్, జి. "మంగ కాదురా, మ్యాంగో" అని కుర్రాళ్ళు ఒకటే నవ్వు. ఆమె కూడా నవ్వింది.

నెల తిరిగేసరికి మంగ స్కోరు నా డెబ్భై రెండు దాటింది.

మిషన్లాయన బిళ్ళల డబ్బా తీయడానికి వచ్చినప్పుడు ఆమె ఆట చూశాడు. వేసవిలో విజయవాడలో ఎగ్జిబిషన్ పెడతారు, అందులో తనదొక స్టాలు ఉంటుంది. జనాన్ని లాగడానికి బాగా ఆడి చూపించే మనిషి కావాలి. ఆడమనిషైతే ఇంకా మంచిది. ఎగ్జిబిషన్ అయ్యాక మిగతా ఊళ్ళకి కూడా తీసుకెళ్తాడు. నెల జీతం. ఏడాది పొడుగునా పని. మామిడి షెడ్డులో పని వానలు పడే వరకే, ఆ తర్వాత నాట్లు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మంగ పెనిమిటి అంతకు ముందు ఏడే కాయలు కోసే చిక్కం పట్టుకుని చెట్టెక్కి కొమ్మ విరిగి పడ్డాడు. కుంటుతూ నడిచేవాడు గానీ చెట్టెక్కలేడు. కాబట్టి ఆ జీతం అంటే ఆమెకి ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. నాకూ అప్పుడే తెలుసు.

మిషన్లాయన ఒక షరతు పెట్టాడు. "లక్ష దాటాలి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం బస్సుకొస్తా. తెర మీద లక్ష కనబడితే అక్కడికక్కడే కాగితం రాసిచ్చి పోతా. గుడివాడ కుర్రాడొకడు లైన్లో ఉన్నాడు, ముందే చెప్తున్నా."

ఆ ఆదివారం మంగ తెల్లవారుతూనే వచ్చింది. కుర్రాళ్ళు ఇంకా లేవలేదు. నేను నా పావుగంట ఆడబోతున్నాను, తలుపు కొట్టింది. తీశాను. పిల్లని గడప దగ్గర కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడ్డాను. ఆ రోజు ఆమె ఆడిన ఆట ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. తొందర లేదు. విమానం ఎక్కడ ఉండాలో అక్కడికి ముందే పోయి ఉండేది. లక్ష దాటినప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు నేను నవ్వాను, అది నిజమైన నవ్వే. తర్వాత కూడా ఆడింది. చివరికి ఓడిపోయి, మూడక్షరాలు కొట్టి, చేతులు చీరకి తుడుచుకుని, "అమ్మగారూ, ఆయనొచ్చేదాకా చూసుకోండి" అని షెడ్డుకి వెళ్ళిపోయింది. లారీ వచ్చేసింది అప్పటికి.

నేనూ మిషనూ మిగిలాం.

ఏం ఆలోచించానో ఉన్నదున్నట్టు రాస్తాను. ముందటి ఆదివారం మంగ ఎనభై వేలు చేసి వెళ్ళింది. ఆ రోజు కుర్రాళ్ళు వచ్చారు, తెర చూశారు, మూడక్షరాలు చూశారు, వెనక్కి పోయారు. అందనంత ఎత్తున ఉంటే ఎవడూ ఎగరడు. పైగా అది ఒక కూలిమనిషి పేరు. తోటలున్న ఇళ్ళ పిల్లలకి దాని కింద తమ పేరు కొట్టుకోవడం ఇష్టం లేదు. ఆమె ఆడుతుంటే చూడ్డానికి జనం వచ్చేమాట నిజమే, కానీ చూసేవాళ్ళు డబ్బా నింపరు. ఆదివారం ఒక్కరోజు ఆదాయం మాకు నాలుగు రోజుల పెట్టు. ఎనభైకే అలా ఉంటే, లక్ష పైన ఉన్నదాన్ని చూసి బిళ్ళ వేసేవాడెవడు? మిషన్లాయనకి నోటితో చెబితే సరిపోతుంది, నా మాట ఆయన కాదనడు. ఇలా అనుకున్నాను. అనుకుని, స్విచ్ ఆపాను. మళ్ళీ వేశాను. పలక ఖాళీ.

చూడండి, ఇక్కడి వరకు నా తప్పు చిన్నదే. వ్యాపారం. నడిమి మీట దగ్గర ఆపడం లాంటిదే ఇదీ. నేను ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథ ఇక్కడే ఆగిపోతుంది.

మధ్యాహ్నం బస్సుకి మిషన్లాయన వచ్చాడు. గది నిండా కుర్రాళ్ళు. డబ్బా బాగా నిండింది ఆ రోజు. ఎవరో షెడ్డులోకి వెళ్ళి చెబితే మంగ పరుగున వచ్చింది, పెనిమిటి కూడా వెనకే కుంటుకుంటూ వచ్చాడు, షెడ్డు ఆడవాళ్ళు కొందరు గడప బయట నిలబడ్డారు. మంగ తెర వంక చూసింది. ఎవరో కుర్రాడి పేరు, అరవై వేలు.

"ఏదమ్మా నీ లక్ష?" అన్నాడాయన.

"పొద్దున చేశానండీ. దాటింది కూడాను" అంది మంగ. నా వైపు తిరిగింది. "అమ్మగారూ?"

"మధ్యలో కరెంటు పోయింది మంగా" అన్నాను. "అన్నీ చెరిగిపోయినై."

అన్నీ అన్నాను. నీది అనలేదు.

వెనక నుంచి ఒకడు, "లక్ష మూట కట్టి కరెంటోళ్ళు పట్టుకుపోయారు బాబాయ్!" అన్నాడు. నవ్వులు.

మిషన్లాయన చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. మంచివాడే ఆయన. నా వైపు చూసి నెమ్మదిగా అడిగాడు. "అది సరే. మీరున్నారుగా. లక్ష దాటిందా? మీరు చూశారా? మీరు ఊఁ అంటే నాకు చాలు, తెరతో పని లేదు."

నేను, "చూడలేదండీ" అన్నాను.

దీని గురించే ముప్పై ఏళ్ళుగా ఆలోచించకుండా ఉండడానికి ప్రయత్నించాను. లెక్క చూడండి. స్విచ్ ఆపినప్పుడు నా పథకం ఏమిటి? నోటితో చెబుదామని. ఆయన అదే అడిగాడు. కరెంటు పోయిందన్న అబద్ధం అప్పటికే పనిచేసింది. "చూశానండీ, దాటింది, తర్వాత కరెంటు పోయింది" అంటే నాకు పోయేదేమీ లేదు. డబ్బా నిండే ఉంది. నా పరువు నిలిచేది, మంగకి పని దొరికేది. ఒక్క మాట. మరి ఎందుకు చూడలేదన్నాను? వ్యాపారం అని చెప్పుకోవడానికి ఇక్కడ వీల్లేదు. ఎన్నిసార్లు కూడినా ఆ లెక్కలో వ్యాపారం రాదు.

వచ్చేది ఇదే. ఆ గదిలో అందరికంటే బాగా ఆడేది నేను, మంగ వచ్చేదాకా. నా ఆట ఎవరికీ తెలియదు, తెలిసే వీలు కూడా లేదు. తోటలున్న ఇంటి కోడలు మిషన్ ముందు నిలబడి ఆడిందంటే మా వారు తలెత్తుకోలేరు. ఆమె అందరి ముందు ఆడింది. నవ్వించింది. పేరు కొట్టుకుంది. ఇప్పుడు బస్సెక్కి విజయవాడ పోతుంది, ఆడడానికి జీతం తీసుకుంటుంది. నేను రేపు పొద్దున మళ్ళీ తలుపు వేసుకుని నా పావుగంట ఆడి చెరిపేసుకోవాలి. ఓర్వలేకపోయాను. ఇంతకంటే మంచి మాట దానికి లేదు.

మంగ నా మొహం చూసింది. కోపంగా కూడా కాదు. మిషన్లాయన "పోనీ ఇప్పుడాడు, చూస్తా" అన్నాడు. ఆడింది. వెనక కుర్రాళ్ళు ఈలలు, పెనిమిటి "జాగర్త, జాగర్త" అని గొణుగుడు. ముప్పై వేలు దాటకుండానే అయిపోయింది. ఆయన నాతో, "మీరు చూడలేదంటే లేనట్టేలెండి. గుడివాడ కుర్రాడికి చెప్పేస్తా" అని బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికే ఆమెకి పేరు పెట్టేశారు. స్కోరు మంగ. ఎవడైనా లేనిది ఉన్నట్టు చెబితే "ఇదేదో స్కోరు మంగ లెక్కలా ఉందే" అనడం మొదలైంది. బస్టాండు దగ్గర విన్నాను, కిరాణా కొట్లో విన్నాను. ఒకసారి మా ఇంట్లోనే, మా వారి నోటే విన్నాను. ఇంకో గరిటె అన్నం వడ్డించాను. ఆమె మళ్ళీ మిషన్ ముట్టుకోలేదు. రెండు సీజన్లు షెడ్డుకి వచ్చింది, తర్వాత వేరే షెడ్డుకి మారింది. దారిలో కనబడితే "బాగున్నారా అమ్మగారూ" అనేది. ఆ పలకరింపు పట్టుకుని నేను బతికాను. ఆమెకి తెలియదు, తెలిస్తే అలా పలకరించదు కదా, అని.

ఇళ్ళల్లోకి టీవీ గేములొచ్చాక మా షాపు మూతపడింది. మిషన్లాయన ఎక్కడున్నాడో తెలియదు. మా వారు పోయారు. ఇలాగే నాతో పాటు ఇదీ పోతుందనుకున్నాను.

ఈ ఏడు మా మరిది మనవరాలు హారిక వచ్చింది. ఇంజినీరింగ్ చదువుతోంది. తనూ తన స్నేహితులూ కలిసి ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి చేస్తున్నారట. "నానమ్మా, మీ షాపు గురించి తాతయ్య చెప్పేవాడు. అసలు జనం ఎందుకు వచ్చేవాళ్ళు, ఏముంటే ఆట బాగుంటుంది, చెప్పవా?" అని పక్కన కూర్చుంది. చెప్పాను. తన తప్పు తనకి తెలియాలన్నది, నడిమి మీట, మూడక్షరాల సంగతి, పొద్దున్నే ఖాళీ అయ్యే పలక, అన్నీ. బాగా విన్నది. మధ్యమధ్య "అచ్చం ఇప్పుడూ అంతే నానమ్మా, పేర్లు మారాయి" అంటూ వాళ్ళ ఆటల్లో అవి ఎలా ఉంటాయో చెప్పింది. హాయిగా గడిచింది. లేవబోతూ అడిగింది. "మరి మీ షాపులో ఛాంపియన్ ఎవరు?"

"అప్పట్లో కరెంటు ఊరికే పోయేదమ్మా. అన్నీ చెరిగిపోయేవి. ఎవరని గుర్తుంటారు?"

ఒక్క క్షణం తడుముకోలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత, ఎవరూ బలవంతపెట్టకుండా, లాభం ఏమీ లేకుండా, అదే అబద్ధం అంతే నున్నగా వచ్చింది. హారిక వెళ్ళాక అలాగే కూర్చున్నాను. నేను ఒక్కసారి అబద్ధమాడిన మనిషినని అనుకుంటూ వచ్చాను. కాదు. రోజూ ఆడుతూనే ఉన్నాను, అడిగేవాళ్ళు లేక బయటపడలేదు, అంతే.

మర్నాడు ఆటో మాట్లాడుకుని ఆగిరిపల్లి వెళ్ళాను. మంగ ఇప్పుడు ఒక షెడ్డులో పది పన్నెండు మంది ఆడవాళ్ళ మీద మేస్త్రీ. చెక్కపెట్టెలు పోయి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. జుట్టు నెరిసింది. నన్ను చూసి ట్రే ఒకటి బోర్లించి, దాని మీద సంచి పరిచి కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. స్విచ్ సంగతి, నేను చూసిన సంగతి. ఓర్వలేక అన్నానని కూడా చెప్పాను. ఆమె చేతులు కాయల మీదే ఉన్నాయి.

"నాకు తెలుసుగా అమ్మగారూ" అంది.

"ఎలా తెలుసు?"

"ఆ రోజు షెడ్డులో టేప్ రికార్డర్ పొద్దుట్నించీ పాడతానే ఉంది. మీకూ మాకూ ఒకటే లైను. ఎక్కడ పోద్దండీ కరెంటు?" ఒక కాయని తిప్పి చూసి పక్కన పెట్టింది. "షెడ్డులో అందరికీ తెలుసు."

"మరి అప్పుడే అనలేదేం?"

"మీ మాట మీద నా మాట ఎవరింటారండీ."

క్షమించమని అడుగుదామని నోటి దాకా వచ్చింది. ఆమె మొహం చూసి అడగలేకపోయాను. అడిగితే అది కూడా ఆమె దగ్గర నుంచి ఒకటి తీసుకోవడమే అవుతుంది.

"నాకు చెప్తే ఏముందండీ" అంది ఇంకో కాయ అందుకుంటూ. "తెలిసినదాన్నే మళ్ళీ చెప్పినట్టు. ఎవరి ముందర చూడలేదన్నారో ఆళ్ళకి చెప్పండి. మా ఆయన చచ్చిపోయేదాకా నేను కోతలు కోశాననే అనుకున్నాడు. మా అల్లుడు ఇప్పటికీ ఆ పేరు పెట్టి ఎకసెక్కాలాడతాడు."

"వాళ్ళంతా ఇప్పుడెక్కడున్నారో మంగా. తలో ఊరూ అయిపోయారు."

"మీకు గుర్తుండరా అమ్మగారూ? తేదీలతో సహా గుర్తుంటాయంటగా అన్నీ" అంది. షెడ్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె నవ్వలేదు. లారీ హారన్ కొట్టింది. "పనుందండీ" అని లేచింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె మీద కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత దూరం వచ్చి చెప్పానే, ఒక మంచి మాట అనకూడదా అని. అదీ రాస్తున్నాను. అలాంటి మనిషిని నేను.

మంగ పెనిమిటికి చెప్పే దారి ఇక లేదు. హారికకి చెప్పాను. "ఎందుకు నానమ్మా?" అంది. పైన మీకు చెప్పిందే చెప్పాను. ఇప్పటికీ నాతో మామూలుగా లేదు. మిగిలింది ఆ గదిలో ఉన్న కుర్రాళ్ళు. వాళ్ళకిప్పుడు యాభై దగ్గరపడుతుంటాయి. హైదరాబాదులో ఉన్నారో, విజయవాడలో ఉన్నారో, రెడ్డిగూడెంలో తోటలు చూసుకుంటున్నారో. కొందరి చిరునామాలు దొరికాయి, చాలామందివి దొరకలేదు. అందుకని ఇలా రాస్తున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నూజివీడు బస్టాండు రోడ్డులో, మామిడి షెడ్డు పక్క గదిలో మీరు ఉండి ఉంటే, మిషన్లాయన నన్ను అడిగింది మీరూ విన్నారు. దానికి నా జవాబు ఇది.

చూశానండీ. మంగ ఆడుతున్నంతసేపూ పక్కనే నిలబడి చూశాను. ఒక లక్షా పద్దెనిమిది వేల నాలుగు వందలు. చెరిపింది నేను. ఆమె మీకు చెప్పింది నిజం.